ఊపిరికి ఆడా మగా ఏమిటమ్మా!

పోయిన సంవత్సరం ఒక వర్క్‌షాపు ఏర్పాట్ల కోసం కూర్చున్నాం. క్యాజువాలిటీలో పనిచేసే జూనియర్ డాక్టర్లకు ఎయిర్‌వే మేనేజ్‌మెంట్ నేర్పే రెండు రోజుల వర్క్‌షాపు. ఊపిరి అందని మనిషికి ఊపిరి దారిని ఎలా కాపాడాలి, గొంతులోకి గొట్టం ఎలా వెయ్యాలి అన్నది అక్కడి పాఠం. పదేళ్లకు పైగా నేను చెప్తున్న పాఠమే. ఈసారి ఇంకో నలభై నిమిషాలు అదనంగా ఇవ్వమని అడిగాను. గొట్టం వేస్తే రోగి మాట పోతుంది కదా, పోయేముందు ఆ మాట ఎలా వినాలి, పోయాక ఎలా వినాలి అన్నది చెప్తానన్నాను. కాలిన ఒళ్లుతో వచ్చే ఆడవాళ్ల సంగతీ, పురుగుమందు తాగి వచ్చే ఆడవాళ్ల సంగతీ విడిగా మాట్లాడాలన్నాను.

సమావేశం నడుపుతున్న పెద్దాయన నవ్వారు. "ఊపిరికి ఆడా మగా ఏమిటమ్మా! ముందు ప్రాణం నిలబడనీ, ఫెమినిజం తర్వాత చూద్దాం" అన్నారు. అందరూ నవ్వారు. నా దగ్గర నేర్చుకున్న ఇద్దరు ఆడ డాక్టర్లు కూడా నవ్వారు. వాళ్లని తప్పు పట్టను. ఆ వయసులో నేనూ అలాంటి నవ్వులు చాలా నవ్వాను. కాసేపటికి ఆయనే, "మీరు ప్రారంభ సభ చూసుకోండి. అతిథుల్ని ఆహ్వానించడం అదీ మీరైతే చక్కగా చేస్తారు" అన్నారు.

అంటే నాకు గొంతు ఉందని ఆయన ఒప్పుకున్నట్టే. అది మైకు ముందు అతిథుల్ని వేదిక మీదికి పిలవడానికి పనికొస్తుందట.

ఆ రోజు నేను జవాబు చెప్పలేదు. ఇప్పుడు చెప్తున్నాను.

ఈ పత్రిక చదివేవాళ్లకి 'గొంతు' కొత్త మాట కాదు. దశాబ్దాలుగా మనం గొంతు విప్పడం గురించీ, గొంతు నొక్కెయ్యడం గురించీ రాస్తూనే ఉన్నాం. సభల్లో ఆ మాట విన్నప్పుడల్లా నాకు మాత్రం నిజం గొంతే కళ్ల ముందుకొస్తుంది. రోగి తల దగ్గర నిలబడి, నోరు తెరిచి, ఎడమచేత్తో లారింగోస్కోపు పట్టుకుని నాలుకని పక్కకి నెట్టి పైకెత్తితే లోపల తెల్లగా మెరిసే రెండు పట్టీలు కనిపిస్తాయి. అవి స్వరతంత్రులు. మాట పుట్టేది అక్కడే. గొట్టం వెళ్లాల్సిందీ సరిగ్గా వాటి మధ్యనుంచే. ఊపిరికీ మాటకీ దారి ఒక్కటే కాబట్టి ఊపిరి కోసం గొట్టం దించిన క్షణాన మాట ఆగిపోతుంది. నా వృత్తి మొత్తం ఈ రెండు తెల్లటి పట్టీల మధ్య ఉంది.

నేను మరిచిపోలేని గొంతు ఒకటి ఉంది.

2000 తర్వాత తొలి సంవత్సరాల సంగతి. అప్పటికి మన దేశంలో ఎమర్జెన్సీ మెడిసిన్ అనే శాఖకి గుర్తింపే లేదు. మెడికల్ కౌన్సిల్ దాన్ని ప్రత్యేక శాఖగా గుర్తించింది 2009లో. అంతవరకూ క్యాజువాలిటీ అంటే ఎవరికి డ్యూటీ పడితే వాళ్లు కూర్చునే చోటు. ఒక ప్రభుత్వాసుపత్రిలో నాకు ఆ రాత్రి డ్యూటీ పడింది. తెల్లవారుజామున రెండింటికి ఆటోలో ఒకమ్మాయిని తెచ్చారు. ఇరవై రెండో ఇరవై మూడో ఉంటాయి. ముఖమూ మెడా ఛాతీ కాలిపోయాయి. ముక్కులో వెంట్రుకలు కమిలిపోయాయి, నాలుక మీద మసి. గొంతు బొంగురుపోయింది. భర్త గోడవారగా నిలబడ్డాడు. అత్తగారు మాత్రం మంచం పక్కనుంచి కదల్లేదు. నేను అడగకముందే "స్టౌ పేలిందండీ" అంది ఆవిడ.

మసీ, బొంగురు గొంతూ కనిపిస్తే ఆలస్యం చెయ్యకూడదు. వేడిగాలికి లోపల వాపు మొదలై ఉంటుంది. గంటో రెండు గంటలో ఆగితే ఊపిరి దారి పూర్తిగా మూసుకుపోవచ్చు, అప్పుడు ఎంత చెయ్యి తిరిగినవాళ్లకైనా గొట్టం వెయ్యడం కష్టం. "వాపు రాకముందే వేసెయ్" అన్నారు మా సీనియర్. సరైన మాటే. మందులు సిద్ధం చేస్తుంటే ఆ అమ్మాయి నా మణికట్టు పట్టుకుంది. "డాక్టరమ్మా, స్టౌ..." అంది. నేను "మాట్లాడకు తల్లీ, ఆయాసం వస్తుంది" అన్నాను. మందు ఎక్కించాం. మొదటి ప్రయత్నంలోనే గొట్టం వేశాను. సీనియర్ నా భుజం తట్టి "గుడ్ ట్యూబ్" అన్నారు. ఆ మెచ్చుకోలు ఆ రాత్రంతా నన్ను గాల్లో తేలించింది.

పొద్దున పోలీసులు వచ్చారు. రోగి మాట్లాడే స్థితిలో లేదని రాసుకున్నారు. అత్తగారి మాట, భర్త మాట తీసుకున్నారు. ఆ అమ్మాయికి రెండు రోజులు స్పృహ ఉంది. పిలిస్తే కళ్లు తిప్పేది, కట్టు కట్టిన చేతి వేళ్లు కదిపేది. మా రౌండ్సులో మేం ఆక్సిజన్ ఎంతుంది, మూత్రం ఎంత వచ్చింది అని చూసుకుని వెళ్లేవాళ్లం. నాలుగో రోజు చనిపోయింది. కాగితాల మీద అది ప్రమాదం.

ఆమె ఏం చెప్పబోయిందో నాకు తెలియదు. స్టౌ పేలిందనే చెప్పేదేమో. పేలలేదని చెప్పేదేమో. తెలియకపోవడానికి కారణం మాత్రం నేనే. ఆమె చివరి మాటని 'మాట్లాడకు' అని ఆపింది నేను. ఆపి, గొప్పగా గొట్టం వేసింది కూడా నేనే.

గొట్టం వెయ్యడం తప్పని అనను. ఇప్పుడైనా అలాంటి గొంతు చూస్తే వేస్తాను, అంతే తొందరగా వేస్తాను. కానీ గొట్టం వేసే ముందు మూడు నాలుగు నిమిషాలు రోగికి మాస్కుతో ఆక్సిజన్ పట్టిస్తాం. ఊపిరితిత్తుల్లో ప్రాణవాయువు నిలవ చేసుకోవడమన్నమాట. ఆ నిలవ ఉంటే ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకి ఊపిరి ఆగాక కూడా ఏడెనిమిది నిమిషాల వ్యవధి దొరుకుతుంది. నిండు గర్భిణికీ, బాగా జబ్బుపడ్డవాళ్లకీ అందులో సగం కూడా దొరకదు. అందుకే ఆ నిమిషాలని మేం పవిత్రంగా చూస్తాం. ఆ నిమిషాల్లోనే, మాస్కు తియ్యకుండానే, చుట్టాల్ని తెర అవతలికి పంపి "ఏం జరిగిందమ్మా?" అని అడగొచ్చు. ఆమె అన్న నాలుగు మాటలు అన్నవి అన్నట్టే కేస్ షీటులో రాసి, టైము వేసి, మత్తుమందు ఎప్పుడిచ్చామో ఆ టైమూ కింద రాయొచ్చు. దీనివల్ల గొట్టం ఒక్క క్షణం కూడా ఆలస్యం కాదు. నాకు ఇది ఎవరూ నేర్పలేదు. నేర్పాలని ఎవరికీ తోచలేదు.

చట్టానికి మాత్రం ఈ సంగతి ఎప్పుడో తోచింది. 1885లో అలహాబాదు హైకోర్టు ముందుకి ఒక కేసు వచ్చింది. దులారీ అనే వేశ్య గొంతు కోశాడు అబ్దుల్లా అనేవాడు. ఆమెకి స్పృహ ఉంది, మాట లేదు. అడిగిన ప్రశ్నలకి చేతి సైగలతో జవాబు చెప్పింది. తర్వాత చనిపోయింది. ఆ సైగల్ని వాంగ్మూలంగా తీసుకోవచ్చా అన్నది ప్రశ్న. తీసుకోవచ్చని ఫుల్ బెంచి చెప్పింది. గొంతు తెగిన ఆడమనిషి, అందులోనూ సమాజం మాటకి విలువే ఇవ్వని ఆడమనిషి, చెయ్యి కదిపితే అది మాటేనని ఈ దేశపు న్యాయస్థానం ఒప్పుకుని నూట నలభై ఏళ్లయింది.

2012 డిసెంబరులో ఢిల్లీ బస్సులో దాడికి గురైన విద్యార్థిని మూడుసార్లు వాంగ్మూలం ఇచ్చింది. మూడోది డిసెంబరు 25న. అప్పటికి ఆమె గొంతులో గొట్టం ఉంది. మేజిస్ట్రేటు అడిగినవాటికి సైగలతోనూ, రాతతోనూ జవాబిచ్చింది. 2017 మే 5న సుప్రీంకోర్టు ఆ వాంగ్మూలాన్ని నమ్మదగిందేనని ఒప్పుకుంది. డాక్టరు సర్టిఫికెట్ లేదన్న ఒక్క కారణంతో మరణ వాంగ్మూలాన్ని తోసిపుచ్చకూడదని రాజ్యాంగ ధర్మాసనం 2002లోనే చెప్పింది. పాత సాక్ష్య చట్టంలో 32వ సెక్షనుగా ఉన్న ఈ నియమం, 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టంలో 26వ సెక్షనుగా కొనసాగుతోంది. చట్టం ఇంత స్పష్టంగా ఉంది. ఇక ఆ మంచం పక్కన మొదట నిలబడే డాక్టరుకి ఇదంతా పాఠంలో భాగం కావద్దా? ఎయిర్‌వే తరగతిలో బ్లేడు ఏ కోణంలో పట్టుకోవాలో గంట సేపు చెప్తాం. గొట్టంతో పాటు ఏది మూతపడుతుందో చెప్పడానికి నలభై నిమిషాలు దొరకవు.

"ముందు ప్రాణం" అన్నారు కదా పెద్దాయన. ప్రాణం సంగతే మాట్లాడదాం. మాట వినకపోతే ప్రాణం కూడా పోతుందని మా శాఖకి తెలుసు. ప్రతి ఎయిర్‌వే తరగతిలోనూ ఎలేన్ బ్రొమిలీ కథ చెప్తాం. ఇంగ్లండులో 2005 మార్చి 29న ముప్పై ఏడేళ్ల ఆవిడ సైనస్ ఆపరేషన్‌కి వెళ్లింది. మత్తు ఇచ్చాక ఊపిరి దారి దొరకలేదు. అనుభవం ఉన్న ముగ్గురు కన్సల్టెంట్లు గొట్టం వెయ్యడానికి మళ్లీ మళ్లీ ప్రయత్నించారు. ఇరవై నిమిషాలకు పైగా ఒంట్లో ఆక్సిజన్ ప్రమాదకరంగా పడిపోయి ఉంది. గొంతు కింద కోసి దారి చెయ్యాల్సిన సమయం వచ్చిందని ఒక నర్సుకి అర్థమైంది. ఆ సామగ్రి తెచ్చి, తెచ్చానని చెప్పింది. ఎవరూ పట్టించుకోలేదు. ఇంకో నర్సు ఐ.సి.యు.లో మంచం సిద్ధం చేయించింది. అతి చేస్తున్నావన్నట్టు డాక్టర్లు చూసేసరికి ఆ మంచం వద్దని చెప్పేసింది. ఎలేన్ పదమూడు రోజులకి చనిపోయింది. విమాన పైలటైన ఆమె భర్త 2007లో ఒక సంస్థ పెట్టి, ఇలాంటి పొరపాట్లు ఎందుకు జరుగుతాయో డాక్టర్లకు చెప్పడం మొదలుపెట్టాడు. ఆయన వల్లే ఈ కథ మాకు పాఠమైంది.

కథ చెప్తాం. చెప్పి దానికి 'హ్యూమన్ ఫ్యాక్టర్స్' అని పేరు పెడతాం. ఒత్తిడిలో మనిషి దృష్టి ఒకేచోట ఇరుక్కుపోతుందంటాం. నిజమే. కానీ ఆ గదిలో దృష్టి ఇరుక్కుపోనివాళ్లు ఉన్నారు కదా! వాళ్లకి తెలుసు, చేతిలో సామాను కూడా ఉంది. ఆ తెలివిని డాక్టరు చెవి దాకా చేరనివ్వనిది ఏమిటి? దాన్ని ఒత్తిడి అంటే సరిపోదు. దాని పేరు అంతస్తు. మన ఆసుపత్రుల్లో ఆ అంతస్తుకి కులమూ ఉంది, స్త్రీ పురుష భేదమూ ఉంది. చాలాచోట్ల నర్సు అంటే పేద ఇంటి నుంచో, దళిత క్రైస్తవ కుటుంబం నుంచో వచ్చిన ఆడపిల్ల. ఆమెని "సిస్టర్, మీ పని మీరు చూసుకోండి" అనడానికి హౌస్ సర్జన్ కుర్రాడు కూడా వెనకాడడు. ఈ మాటకి అలవాటుపడ్డ గదిలో ఎలేన్ ఎన్నిసార్లయినా చనిపోతుంది. ఇది చెప్పకుండా పాఠం చెప్తే కథ మిగులుతుంది, పాఠం మిగలదు.

ఇక ఊపిరికి ఆడా మగా ఉందా అన్న ప్రశ్న. ఊపిరికి లేదు. ఊపిరి అందించే పనిముట్లకి ఉంది. మామూలు లారింగోస్కోపు పిడి పొడుగ్గా ఉంటుంది. నిండు గర్భిణి నోట్లో బ్లేడు పెట్టబోతే ఆ పిడి ఆమె రొమ్ములకి తగులుతుంది. అందుకే పొట్టి పిడి తయారుచేశారు. అంటే మొదటి పిడి తయారైనప్పుడు ఎలాంటి ఛాతీని ఊహించుకున్నారో ఆలోచించండి. మా తరగతి గదిలో బొమ్మలన్నీ చదునైన ఛాతీ మగ బొమ్మలే. దానికేం అంటారు. 2018లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనంలో, బహిరంగ ప్రదేశంలో గుండె ఆగి పడిపోయిన మగవాళ్లలో 45 శాతం మందికి చుట్టుపక్కలవాళ్లు ఛాతీ నొక్కి సాయం చేస్తే, ఆడవాళ్లలో 39 శాతం మందికే ఆ సాయం అందింది. ఆడ ఛాతీ మీద చెయ్యి వెయ్యడానికి జంకే సమాజంలో, ఆడ ఛాతీ లేని బొమ్మల మీద నేర్చుకుంటున్నాం.

గొట్టం వేసే చేతికీ ఆడా మగా అంటగట్టారు. "దీనికి చేతిలో బలం కావాలమ్మా" అని నాతో ఎంతమంది అన్నారో లెక్కలేదు. బలంతో మణికట్టు మెలితిప్పితే పళ్లు విరుగుతాయి, అంతే. తల కింద దుప్పట్లు మడిచి పెట్టి, చెవి రంధ్రమూ రొమ్ము ఎముక పైఅంచూ ఒకే ఎత్తులోకి తెస్తే సగం పని అయిపోతుంది. మిగతా సగం చూపు. 2023లో వచ్చిన ఒక పెద్ద ప్రయోగంలో, ప్రాణాపాయంలో ఉన్న రోగులకి కెమెరా ఉన్న లారింగోస్కోపు వాడితే మొదటి ప్రయత్నంలో 85 శాతం మందికీ, మామూలుది వాడితే 71 శాతం మందికీ గొట్టం పడింది. తేడా తెచ్చింది కండ కాదు, బాగా కనిపించడం. ఆ కెమెరా పరికరం నేను పనిచేసిన ఒకచోట బీరువాలో ఉండేది. తాళం చెవి పెద్దసారు దగ్గర ఉండేది. పెద్దసారు రాత్రుళ్లు ఇంట్లో ఉండేవారు.

రాత్రుళ్ల గురించి కూడా చెప్పాలి. ఈ విద్య చేతితో వచ్చేది. 1998లో మత్తువైద్యం నేర్చుకుంటున్న డాక్టర్ల మీద చేసిన ఒక అధ్యయనం, నూటికి తొంభైసార్లు సరిగ్గా వెయ్యడం రావాలంటే సగటున 57 సార్లు వేసి ఉండాలని తేల్చింది. అది కూడా ఆపరేషన్ థియేటర్లో, తీరుబడిగా. ఆ 57 అవకాశాలు ఎవరికి దొరుకుతాయి? నాకు ఐదో నెల రాగానే "నీ మంచికే" అని రాత్రి డ్యూటీల్లోంచి తీసేశారు. నన్ను అడగలేదు. పాప పుట్టి తిరిగి వచ్చేసరికి నా తర్వాత చేరిన మగపిల్లల చేతులు నాకంటే తిరిగిపోయాయి. అప్పుడు "చూశావా, ఆడవాళ్లకి ఇది కష్టం" అన్నారు. ముందు అవకాశం తీసేసి, తర్వాత చేతకాదనడం. మన ఇళ్లల్లో ఈ పద్ధతి అందరికీ తెలిసిందే, నేను కొత్తగా చెప్పేదేం లేదు.

2024 ఆగస్టు 9న కలకత్తాలోని ఒక ప్రభుత్వాసుపత్రిలో రాత్రి డ్యూటీలో ఉన్న యువ డాక్టరుపై అత్యాచారం చేసి చంపేశారు. దేశమంతా డాక్టర్లు రోడ్డెక్కారు. అప్పుడు పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం చేసిన సూచనల్లో ఒకటి, వీలైనంతవరకూ ఆడవాళ్లకు రాత్రి డ్యూటీలు వెయ్యొద్దని. సెప్టెంబరు 17న సుప్రీంకోర్టు దాన్ని తప్పుపట్టింది. భద్రత ఇవ్వడం మీ పని, ఆడవాళ్లని రాత్రి పని మానమనడం కాదన్నది దాని సారాంశం. నా విద్యార్థినుల తల్లిదండ్రుల్లో కొందరికి ప్రభుత్వం మాటే నచ్చింది. వాళ్ల భయం నాకు తెలుసు, నేనూ ఆడపిల్ల తల్లినే. కానీ కాలిన అమ్మాయి వచ్చేది రాత్రి. పురుగుమందు తాగిన అమ్మాయి వచ్చేది రాత్రి. ఎమర్జెన్సీ డాక్టరుని రాత్రి నుంచి తప్పిస్తే ఆమె వృత్తిలోంచే తప్పించినట్టు. ఆ రాత్రి వచ్చే ఆడమనిషి తెర వెనక ఎవరితో మాట్లాడాలి?

ఈ విద్య ఆడవాళ్ల చేతికి నిన్న మొన్న వచ్చిందనుకునేవాళ్లకి హైదరాబాదు సంగతి ఒకటి గుర్తుచెయ్యాలి. 1880ల చివర్లో ఎడ్వర్డ్ లారీ అనే డాక్టరు ఇక్కడ క్లోరోఫాం మీద ప్రయోగాలు చేశాడు. నిజాం డబ్బిచ్చాడు. ప్రపంచమంతా ఆ క్లోరోఫాం కమిషన్ల గురించి వాదించుకుంది. క్లోరోఫాం ఇచ్చేటప్పుడు నాడి మీద కాదు, ఊపిరి మీద కన్నెయ్యాలన్నది లారీ సిద్ధాంతం. గుండె ముందుగా ఆగదన్న అతని వాదన తర్వాత తప్పని తేలింది. ఊపిరిని కనిపెట్టుకుని ఉండాలన్న మాట మాత్రం మిగిలింది. ఆ రోజుల్లో, ఆ హైదరాబాదు మెడికల్ స్కూల్లోనే చదివి, రోగుల తల దగ్గర నిలబడి క్లోరోఫాం ఇచ్చిన పార్సీ స్త్రీ ఒకరున్నారు. రూపాబాయి ఫర్దూన్జీ. ప్రపంచంలో తొలి మహిళా మత్తువైద్యురాలు ఆవిడేనంటారు. 1909లో పై చదువుకి ఎడింబరో కూడా వెళ్లారు. లారీ పేరు నేను చదువుకునేటప్పుడే విన్నాను. రూపాబాయి పేరు విన్నది నలభై ఏళ్లు దాటాక.

నా గురువుల్ని తక్కువ చెయ్యడం నా ఉద్దేశం కాదు. ఎమర్జెన్సీ గదిలో గొట్టం వెయ్యడం గురించి రాన్ వాల్స్, రిచర్డ్ లెవిటన్ రాసిన పుస్తకాలు చూసే నేను నేర్చుకున్నాను. చెవికీ రొమ్ము ఎముకకీ ముడిపెట్టే ఆ కొలత ప్రాచుర్యంలోకి రావడానికి లెవిటన్ చేసిన కృషి ఉంది. మన దేశంలో 2016లో కష్టమైన ఊపిరి దారులకి మార్గదర్శకాలు తయారుచేసినవాళ్లలో షీలా నైనన్ మ్యాత్రా ఉన్నారు. ఆ బల్ల దగ్గర ఆడవాళ్లకి కుర్చీ లేదని నేననడం లేదు. కుర్చీ దొరికాక ఏం మాట్లాడాలన్నదే నా ప్రశ్న. ఆడవాళ్లం కూర్చుని మగవాళ్లు రాసిన పాఠాన్నే ఇంకా చక్కటి గొంతుతో అప్పజెప్తే ఆ కుర్చీ ఎందుకు?

నాకు వచ్చే అభ్యంతరాలు తెలుసు. "అది పోలీసుల పని" అంటారు. పోలీసులు వచ్చేసరికి గొట్టం లోపల ఉంటుంది. మాట ఉన్నప్పుడు పక్కన ఉన్నది మనం. "కోర్టుల చుట్టూ ఎవరు తిరుగుతారు" అంటారు. ఇది నిజమైన భయమే, నేనూ తిరిగాను. ఒక చిన్న ఊరి కోర్టు వరండాలో రోజంతా నిలబడి, చివరికి "మత్తు ఎక్కించాక అడిగారా, ఎక్కించక ముందా?" అన్న ఒక్క ప్రశ్నకి జవాబు చెప్పి వచ్చాను. కేస్ షీటులో టైము రాసి ఉంది కాబట్టి చెప్పగలిగాను. "మగవాళ్లు కూడా కాలతారు కదా" అంటారు. కాలతారు. ట్రాక్టరు కింద పడతారు, తాచుపాము కరిస్తే ఒళ్లంతా చచ్చుబడి, లోపల తెలివి ఉండీ మాట రాక పడుంటారు. వాళ్లకీ మాట ఉంది. వాళ్లని కూడా వినమనే నా పాఠం. గర్భిణి కోసం తయారైన పొట్టి పిడి లావుపాటి మగవాడికీ పనికొచ్చినట్టు, ఆడవాళ్ల కోసం నేర్చుకున్న వినికిడి అందరికీ పనికొస్తుంది.

నేను అడుగుతున్నవి పెద్ద కోరికలేం కావు. ఆక్సిజన్ పట్టించే ఆ మూడు నిమిషాల్లో చుట్టాల్ని బయటికి పంపి అడగడం, విన్నది విన్నట్టు రాయడం. పోలీసులకి కబురుపెట్టి మేజిస్ట్రేటుని పిలిపించమనడం, అలాగని ఎవరి కోసమూ గొట్టం ఆపకుండా ఉండడం. వేశాక, పరిస్థితి అనుకూలించినప్పుడు మత్తు తగ్గించి చూడడం. చదువొచ్చినవాళ్లకి అక్షరాల పలక ఇవ్వడం, చదువు రానివాళ్లకి దులారీలా అవునుకి ఒక సైగ, కాదుకి ఒక సైగ నేర్పడం. ఆ గదిలో ఆయాతో సహా ఎవరు "ఆగండి" అన్నా ఆగి వినాలని మొదటి రోజే చెప్పడం. కెమెరా ఉన్న లారింగోస్కోపుని బీరువాలోంచి బయటికి తియ్యడం. రాత్రి డ్యూటీ చేసే ఆడవాళ్లకి లోపలినుంచి గడియపడే గదీ, దీపం వెలిగే దారీ ఇచ్చి, ఆ డ్యూటీని వాళ్లకే ఉంచడం.

రచయిత్రులకూ అధ్యాపకులకూ ఒక మాట. కాలిపోయిన ఆడవాళ్ల మీద మనం కథలూ కవితలూ రాశాం. అవి మా తరగతి గదులకి రాలేదు, మా కేస్ షీట్లు మీ తరగతి గదులకి రాలేదు. భయపడుతున్న మనిషిని నడిపించే ప్రశ్న అడగకుండా ఎలా అడగాలో, ఆమె మాటని మన మాటగా దిద్దకుండా ఎలా రాసుకోవాలో స్త్రీల జీవితకథలు సేకరించినవాళ్లకి తెలిసినంతగా మాకు తెలియదు. వచ్చి నేర్పండి.

వర్క్‌షాపు జరిగింది. నలభై నిమిషాలు ఇవ్వలేదు. ప్రారంభ సభలో అతిథుల్ని పిలవడానికి నేను ఒప్పుకోలేదు, ఇంకెవరో పిలిచారు. రెండో రోజు భోజనాల వేళ ఒక మూల గదిలో పలక పట్టుకుని కూర్చున్నాను. వస్తే వస్తారు, లేకపోతే లేదు అనుకున్నాను. పదిమంది దాకా వచ్చారు, వాళ్లలో ముగ్గురు నర్సులు. చెప్పాల్సింది ఇరవై నిమిషాల్లో చెప్పేశాను. అందరూ వెళ్లాక, ఆ రోజు సమావేశంలో నవ్విన ఇద్దరమ్మాయిల్లో ఒకమ్మాయి ఆగింది. చేతిలో అన్నం ప్లేటు చల్లారిపోతోంది.

"మేడమ్, పోయిన నెల నా నైట్ డ్యూటీలో ఒకామె వచ్చింది..." అని ఆగిపోయింది.

నేను పలక పక్కన పెట్టి, తలుపు మూసి వచ్చి కూర్చున్నాను.